యంత్రము ఆడుదానికి పరాయిదా?

"ఆడపిల్లకు యంత్రవిద్య యేల?" అను ప్రశ్నను ఈ సంవత్సరమున ఎన్నిమార్లు వింటినో లెక్కలేదు. ఆదోని కోర్టు వరండాలో వింటిని. ఎమ్మిగనూరు బజారున వింటిని. పదవ తరగతి ముగించిన బాలికలను పాలిటెక్నిక్కులలో చేర్పింపుడని మా స్వచ్ఛంద సేవకుల దళము ఇల్లిల్లు తిరిగినపుడు గడపగడపన వింటిని. అడిగినవారు పామరులు కారు. పఠనమందిరమునకు ప్రతి సాయంకాలము విచ్చేసి, పత్రికను మొదటి పుట మొదలు కడపటి ప్రకటన వరకు విడువక చదువు పెద్దమనుష్యులు. పామరుడు అడిగినచో ప్రక్కన కూర్చుండి నచ్చచెప్పవచ్చును. చదివినవాడు అడిగినప్పుడు మాత్రము బహిరంగముగ బదులు చెప్పక తప్పదు.

అయ్యా, తాము ఏ యూర నిలిచి యీ ప్రశ్న వేయుచున్నారో యోచించితిరా? ఆదోని పత్తి వర్తకమునకు పేరు మోసిన పట్టణము. జిన్నింగు, ప్రెస్సింగు మిల్లుల మోతతో పెరిగిన యూరు. ఎమ్మిగనూరు మగ్గముల యూరు. ఒక యూర దూది, వేరొక యూర బట్ట; నడుమ గంట ప్రయాణము. ఈ సీమలో పత్తిగింజ మొదలు దుప్పటి వరకు జరుగు పనిని వరుసగ పరిశీలింతము. స్త్రీ చేయి తగులని చోటెక్కడనో చూపగలవారు చూపుదురుగాక.

మొదట విత్తనము. 1970లో గుజరాతునందలి సూరతు పరిశోధన కేంద్రమున డాక్టరు సి. టి. పటేలు 'హైబ్రిడ్-4' అను సంకర పత్తి వంగడమును వెలువరించెను. వాణిజ్యముగ సాగునకు వచ్చిన సంకర పత్తులలో లోకమున నదియే మొదటిది. ఆ విద్య క్రమముగ మన సీమకును వచ్చినది. కర్నూలు జిల్లాయందలి విత్తనపత్తి చేలలో ఏండ్ల తరబడి ఆ పనిని చేసినవారెవ్వరు? పదేండ్లు, పండ్రెండేండ్లు నిండిన ఆడపిల్లలు. సాయంకాలము మొగ్గను విప్పి, రేకులను తొలగించి, నడుమ నున్న కీలమునకు గోరు తగులకుండ దాని చుట్టునున్న కేసరములను మాత్రమే గిల్లివేయవలెను. మరునాటి యుదయమున వేరొక వరుసనుండి మగపూవును తెచ్చి దాని పుప్పొడిని ఆ కీలాగ్రమునకు రాయవలెను. గోరు తగిలినచో కాయ రాలును. ఒక్క కేసరము మిగిలినచో విత్తనము చెడును. పల్లెలో దీనికి 'క్రాసింగు పని' యని పేరు. విశ్వవిద్యాలయమున ఇదే పనిని నేర్చినవానికి పట్టమిత్తురు. పొలమున చేసిన పిల్లకు దినకూలి యిచ్చి బడి మాన్పించిరి. పిల్లలనే యేల పెట్టుకొందురని యడిగినచో, వారి వ్రేళ్ళు సన్నమైనవి, నేర్పుగ నాడును, మొక్క యెత్తునకు నడుము వంచనక్కరలేదు, అని రైతులు చెప్పుచుండిరి. ఆ బాలకార్మిక పద్ధతి పాపము; దానిని నేను సమర్థించుట లేదు; ఆ వ్రేళ్ళు పలక పట్టవలసినవి. నేనడుగునది యొక్కటే. సంకరవిద్యకు తగినంత సూక్ష్మమైన వ్రేళ్ళు మోటారు తీగను చుట్టుటకును, సర్క్యూటు బోర్డుపై టంకము పెట్టుటకును ఎట్లు తగకపోయినవి? పదేండ్ల ప్రాయమున కూలికి పనికివచ్చిన నేర్పు, పదునెనిమిదేండ్ల ప్రాయమున జీతమునకు పనికిరాకుండ పోవునా?

విత్తనము దాటి మిల్లునకు వత్తము. పత్తి ఏరునది స్త్రీ. ఆకును, పొట్టును ఏరివేయునది స్త్రీ. తట్టతో మోసి యంత్రమునకు అందించునది స్త్రీ. యంత్రమునకు నూనె వేయువాడు, పట్టీ బిగించువాడు, చెడినచో విప్పువాడు మాత్రము పురుషుడు. అతడు మిస్త్రీ, ఆమె కూలి. ఇరువురును ఆ యంత్రపు దుమ్మునే పీల్తురు. ఈ వ్యత్యాసము మన మనస్సులలోనే గాక చట్టమునందును చోటు చేసికొనియుండెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 27వ సెక్షనును చూడుడు. దూదిని విప్పు యంత్రము నడచుచున్న పత్తి ప్రెస్సు ఫ్యాక్టరీలో, నడుమ గోడ యుండిననే తప్ప, ఏ భాగమునందును స్త్రీని గాని బాలుని గాని పనికి పెట్టరాదు. 22వ సెక్షను ప్రకారము నడచుచున్న ప్రధానయంత్రమునకు స్త్రీ నూనె వేయరాదు. 66వ సెక్షను ప్రకారము ఉదయము 6 గంటలకు ముందును, రాత్రి 7 గంటలకు తరువాతను ఆమె ఫ్యాక్టరీలో నుండరాదు. శాసనకర్తల యుద్దేశము రక్షణమే, కాదనను. యంత్రము ప్రమాదకరమైనచో దానికి కంచె వేయవలెను గదా? వీరు ఆడుదానికి కంచె వేసిరి. ఆమెను బాలునితో నొక్క గాటను గట్టి, నలువదియేండ్ల తల్లియు నాలుగడుగుల పిల్లవాడును సమానమనిరి. ఇపుడా చట్టము పోయినది. దాని స్థానమున వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినది. అన్ని సంస్థలలో అన్ని విధములైన పనులకును స్త్రీ అర్హురాలనియు, ఆమె సమ్మతి యున్నచో, భద్రత కల్పించి, రాత్రివేళను గూడ పనిచేయవచ్చుననియు దాని 43వ సెక్షను చెప్పుచున్నది. చట్టము గోడను తీసివేసినది. గోడ యున్నచోటనే మనమింకను నిలిచియున్నాము.

ఇక మగ్గము. ఎమ్మిగనూరు పేరు దేశమున వినబడుటకు కారణము 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారల సహకార సంఘము. కరవు సీమలో నేతగాని కడుపు నింపిన యా కృషికి 1954లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. ఆ మహనీయుని యెడ నాకు గల భక్తి తక్కువది కాదు. కాని నేత యన నేమి? మగ్గములో గూర్చుండి నాడె విసరుట యొక్కటియేనా? నూలును ఉడికించుట, గంజి పెట్టుట, రాట్నముపై కండెలు చుట్టుట, ఆసు పోయుట, పడుగును సాగదీయుట, పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగ అతుకుట — వేలకొలది పోగులలో ఒక్కటి తారుమారైనను బట్టపై గీత పడును. ఈ పనులలో మిక్కిలి భాగము ఇంటి యాడువారిది. అయినను జనాభా లెక్కలవాడు వచ్చి "ఏమి చేయుదురు?" అని యడిగినచో, మగవాడు "నేత" యనును, ఆడుది "ఇంటిపని" యనును. 2019-20 నాటి అఖిల భారత చేనేత గణనలో తేలిన 35 లక్షలకు పైబడిన పనివారిలో 25 లక్షలకు పైగా స్త్రీలే. మన చేనేత సంఘముల సభ్యత్వ పుస్తకములను తెరచి మగ్గములెవరి పేర నున్నవో చూడుడు. ఆ లెక్క అక్కడ కనబడునేమో చెప్పుడు.

మగ్గమునకును కంప్యూటరునకును నడుమ గల చుట్టరికమును గూర్చి మన యూళ్ళలో చెప్పువారు తక్కువ. 1804 ప్రాంతమున ఫ్రాన్సునందు జకార్డు అనునతడు రంధ్రములు గల అట్టముక్కల వరుసను మగ్గముపై నమర్చి, ఏ పోగు లేవవలెనో ఏది లేవరాదో ఆ రంధ్రములే నిర్ణయించునట్లు చేసెను. మన నేతగాండ్రు నేటికిని అంచు పువ్వులకు ఆ 'జకార్డు'నే వాడుదురు. ఇంగ్లండున బాబేజి పండితుడు ఆ అట్టలనే గణితయంత్రమునకు వాడదలచెను. ఆ యంత్రము నిర్మింపబడకమునుపే, దానిచే లెక్క చేయించు క్రమమును 1843లో ప్రకటించినది ఏడా లవ్‌లేస్ అను స్త్రీ. అమెరికాలో 1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను మహాయంత్రమునకు లెక్కలు నేర్పినవారు ఆరుగురు స్త్రీలు. 1969లో మనుష్యుడు చంద్రునిపై కాలు మోపెను గదా! ఆ నౌకను నడిపిన కంప్యూటరు జ్ఞాపకశక్తి యెట్లు తయారైనదో ఎరుగుదురా? మాసచూసెట్సు రాష్ట్రమునందలి వాల్తాము అను పట్టణమున ఫ్యాక్టరీ స్త్రీలు, అందు పలువురు బట్టల మిల్లులలోను గడియారముల ఖార్ఖానాలోను పనిచేసినవారు, సన్నని రాగితీగను చిన్న చిన్న అయస్కాంత వలయముల గుండ చేతితో నేసిరి. తీగ వలయము గుండ పోయినచో ఒకటి. ప్రక్కగ పోయినచో సున్న. ఒక్క పొరపాటు జరిగినను నౌక దారి తప్పును. పడుగు పోగులను అతుకు మన ఎమ్మిగనూరు గృహిణికి ఈ పనిని వర్ణించి చూడుడు, ఆమె ఆశ్చర్యపడదు. "ఎంత కూలి యిచ్చిరి?" అని యడుగును.

"అవన్నియు సీమదొరసానుల కథలు, మన తెలుగింటి ఆడుబిడ్డ మాట చెప్పుడు" అనువారికి ఒక తెలుగింటి ఆడుబిడ్డ మాటయే చెప్పెదను. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మదరాసున జన్మించిరి. పదునైదవ యేట వివాహము. పదునెనిమిదవ యేట వైధవ్యము. చేతిలో నాలుగు నెలల ఆడుశిశువు. ఆనాటి బ్రాహ్మణ కుటుంబమున అట్టి బాలికకు రాసిపెట్టిన జీవితమేదో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. కుమార్తెను మూలకు నెట్టక చదివించిరి. ఆమె క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెట్టును ప్రథమ శ్రేణిలో ముగించెను. వైద్యవిద్య స్త్రీకి తగినదని అప్పటికే లోకము ఒప్పుకొనియుండెను. కాని వైద్యురాలు నడిరేయి పిలుపు వచ్చినను పోవలెను. పసిబిడ్డను విడిచి పోజాలనని తలచి, వేళకు ఇల్లు చేరగల ఇంజనీరు పనిని ఆమె కోరుకొనెను. మాతృత్వము యంత్రవిద్యకు అడ్డమని వాదించు మిత్రులు ఈ మాటను రెండుమారులు చదువుదురుగాక. బిడ్డ కొరకే ఆమె యంత్రమును ఎన్నుకొనెను.

తండ్రి ప్రిన్సిపాలు చాకోగారిని, విద్యాశాఖాధికారులను ఒప్పించెను. 1940లో ఆమె గిండీలో చేరెను. కళాశాల నిండ పురుషులు, ఆమె యొక్కతె. ఆ ఒంటరితనమును చూచి మరికొందరు బాలికలను చేర్చుకొనుటకు పత్రికలలో ప్రకటింపగా, కేరళమునుండి లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అను ఇరువురు సివిల్ ఇంజనీరింగున చేరిరి. పట్టముల దినమున వింత జరిగినది. ముద్రించిన పత్రములందు 'అతడు' అను మాటయే యున్నది. దానిని కలముతో కొట్టివేసి 'ఆమె' అని వ్రాసి యిచ్చిరి. లలితగారు జమాల్‌పూరు రైల్వే వర్కుషాపున శిక్షణ పొంది, సిమ్లాలో కేంద్ర ప్రమాణముల కార్యాలయమున పనిచేసి, పిదప కలకత్తాలో ఒక విద్యుత్పరికరముల సంస్థలో చిరకాలము ఇంజనీరుగ నుండిరి. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్తును మోసికొనిపోవు లైనుల రచనలో ఆమె చేయి గలదు. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు వెళ్ళిరి. 1979లో స్వర్గస్థులైరి. ఆమెతో చదివిన త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరైరి. ఇది ఎనుబదియేండ్ల క్రిందటి మాట! భారతదేశపు మొదటి స్త్రీ ఇంజనీరులలో అగ్రగణ్య తెలుగు విధవ యని గర్వముతో చెప్పుకొను మనము, మన వీధిలోని పదవ తరగతి పిల్లను పాలిటెక్నిక్కునకు పంపుటకు ఎనుబదియేండ్ల తరువాత పంచాంగము చూచుచున్నాము.

మారినది లేదా? మారినది. మన రాష్ట్రమున ఇంజనీరింగు సీట్లలో మూడవవంతు స్త్రీలకు ప్రత్యేకింపబడినది. 2018 నుండి ఐ.ఐ.టి.లలో స్త్రీలకై అదనపు సీట్లు ఏర్పరచిరి. మన పట్టణముల ఆడపిల్లలు కొందరు కంప్యూటరు విద్య నేర్చి హైదరాబాదు, బెంగుళూరు చేరిరి. సంతోషమే. కాని అందొక మెలిక గలదు. చల్లని గదిలో కుర్చీపై కూర్చుండి చేయు యంత్రపు పనిని ఆడుపిల్లకు అనుమతించితిమి. నూనె మరకయైన చేతులతో చేయు పనిని అనుమతింపలేదు. ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖల తరగతి గదులలో ఆడపిల్లల బల్ల ఎంత పొడవున్నదో పోయి చూచివచ్చినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

మా వీధికి దవ్వుగాని ఇంట నొక యువతి ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి, ఒక మిల్లునకు పోయి పని యడిగినది. అచటి మేనేజరు ఆమె మార్కుల కాగితమును తిరగవేసి చూచి, "బిల్లులు కొట్టుట వచ్చునా, అమ్మా?" అనెను. వచ్చునన్నది. లెక్కల గదిలో కుర్చీ వేసిరి. కొన్ని నెలలకు, పత్తి ముమ్మరముగ వచ్చు దినములలో, మోటారు ఆగిపోయినది. మిస్త్రీ బంధువుల పెండ్లికి పోయియుండెను. లారీలు బారులు తీరినవి. ఈమె లెక్కల పుస్తకము మూసి పోయి, కరెంటు నిలిపించి, స్టార్టరు విప్పి, మాడిన కాంటాక్టును మార్చి యంత్రమును నడిపించినది. సాయంకాలము ఆ మేనేజరు ఆమెను పిలిచి మెచ్చుకొని, "ఈ సంగతి ఎవ్వరితోను చెప్పకుమమ్మా, మిస్త్రీకి మనసు కష్టమగును" అనెనట. ఆమెయే నాతో నవ్వుచు చెప్పినది. ఇపుడామె బెంగుళూరున నున్నది. కరవుకు జనము పోవుచున్నారని వాపోవు మనము ఆ మిస్త్రీని కరవు లేకుండగనే పంపివేసితిమి.

ఇక పెండ్లి. "చదువుకు పెట్టిన సొమ్ము పోగా కట్నమునకేమి మిగులును?" అని యొక వర్తక మిత్రుడడిగెను. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. అయినను, ఇచ్చిన కట్నమునకు రశీదు వంటి పత్రము వ్రాయించుకొనవచ్చునా యని వకీలునైన నన్నే యడిగినవారు ఈ యూర గలరు! అట్టివారిని పరిహసించుటకు నాకును పూర్తిగ నోరు రాదు. నా చెల్లెలికి గణితమున నాకన్న హెచ్చు మార్కులు వచ్చుచుండెను. రేడియో చెడినచో ఇంట విప్పునది ఆమెయే. నన్ను లా కాలేజీకి పంపిరి. ఆమెకు పదునెనిమిది నిండగనే పెండ్లి చేసిరి. ఆనాడు నేనింటనే యుంటిని. పెద్దలతో వాదించు విద్యను కాలేజీలో నేర్చుచుండియు ఒక్క మాట యనలేదు. ఇప్పటికిని ఆమె యింటికి పోయినపుడు, గోడమీది స్విచ్చి బోర్డును ఆమెయే బాగు చేసికొనుట చూచి, కన్నులు ప్రక్కకు త్రిప్పుకొందును.

అయితే నా వాదము నంతటిని నిలిపివేసిన ప్రశ్న ఒక్కటి గలదు. అది పెద్దమనుష్యులు వేసినది కాదు. ఎమ్మిగనూరు చెంత నొక పల్లెలో, సుగ్గికి గుంటూరు సీమకు బయలుదేరుచున్న యొక తల్లి మూట కట్టుచు అడిగినది. "ఒంటిగా ఆడపిల్లను ఇంటికాడ ఇడిసిపెట్టి ఎట్ల పోవల్ల సారూ? ఏమన్నా అయితే మీరు బదులు చెప్తారా?" పిల్ల తొమ్మిదవ తరగతి. పుస్తకముల సంచి గోడకు వ్రేలాడుచున్నది. తల్లికి చదువుపై ద్వేషము లేదు; పిల్లపై భయము గలదు. నేను బదులు చెప్పలేక తల వంచితిని. మిరపకోతకు ఆ కుటుంబముతో ఆ పిల్లయు పోయినది. తిరిగి వచ్చునప్పటికి బడిలో ఆమె పేరు ఏ పట్టీలో నుండునో మీరే యూహింపుడు. 2011 జనాభా లెక్కలలో నాటి కర్నూలు జిల్లా పురుషులలో నూటికి 70 మంది అక్షరాస్యులుగ తేలగా, స్త్రీలలో సగము మందియైనను తేలలేదు. ఆ లెక్క వెనుక నున్నది బుద్ధిమాంద్యము కాదు, ఆ మూట.

కావున ఆ తల్లికి బదులు ఉపన్యాసము కాదు. తాళము వేసికొని నిశ్చింతగ పోదగిన వసతిగృహము. సుగ్గి మొదలగునప్పటికే దాని తలుపులు తెరచియుండవలెను. వలస బండ్లు పోయిన నెల తరువాత తెరచిన వసతిగృహము ఎవరికి? ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములలో సాంకేతిక విద్య నేర్చు బాలికలకు వసతియు, ప్రయోగశాల వేళ ముగిసిన పిదప పల్లెకు చేర్చు బస్సును కావలెను. మిల్లు యజమానులు 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద శిష్యులను తీసికొనునప్పుడు మెకానికల్, ఎలక్ట్రికల్ డిప్లొమాల బాలికలను తీసికొందురుగాక. లెక్కల గదికి కాదు, మోటారు గదికి. నేతసంఘముల పెద్దలు కండెలు చుట్టు చేతికి సభ్యత్వ మిత్తురుగాక. డాబీ, జకార్డు అమరికలు నేర్పు శిక్షణకు భార్యాభర్తల నిరువురను పిలుతురుగాక. స్త్రీలు వచ్చినచో మగవారి పనులు పోవుననువారికి ఒక్క మాట చాలును: ఆదోని మిల్లులలో స్త్రీలు నిండియే యున్నారు. పోవునది పని కాదు. తక్కువ కూలికి వారిచే పని చేయించుకొను సుఖము.

పాలిసెట్ పరీక్ష ప్రకటన వెలువడినప్పుడు మా దళము మరల బయలుదేరును. ఈసారి ప్రతి పఠనమందిరమున ప్రకటన ప్రతి యొకటి బల్లమీద నుంచెదము. దరఖాస్తు నింపుట తెలియనివారికి నింపి పెట్టుటకు ఆదివారములందు ఇద్దరు వకీళ్ళము కూర్చుందుము. మాతో పల్లెలకు రాదలచిన పాఠకులు పఠనమందిర కార్యదర్శికి పేరు వ్రాసి యిచ్చునది. వచ్చునపుడు తమ యింటి చదువుకొన్న ఆడుబిడ్డను, అక్కనో చెల్లెలినో కుమార్తెనో, వెంటబెట్టుకొని రావలెను. గడపలో నిలిచి మేము చెప్పిన మాటలు ఆ తల్లులు చాలకాలము వినిరి. ఈసారి లోపలికి పోయి మాట్లాడవలసినవారు వారు.